మంగళవారం సముద్రానికి సెలవు

కాకినాడలో పుట్టినవాడు సముద్రం చూడ్డానికి ఆఫ్రికా దాకా వెళ్ళడమేమిటని మా ఇంట్లోనే అడిగారు. మా తోడల్లుడు అక్రాలో మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు, నాలుగేళ్ళుగా రమ్మంటున్నాడు. తీరా వస్తానంటే, "అన్నయ్యా, అందరూ ఆఫ్రికాలో సింహాల్ని చూస్తారు, నువ్వేమో నీళ్ళలో ఉండే అమ్మవారిని చూస్తానంటావు" అని ఫోన్లో ఒకటే నవ్వు. ఏం చేయను, చిన్నప్పటి నుంచీ ఉప్పాడ రేవులో గంగమ్మ తల్లికి మొక్కి పడవ దింపడం చూసినవాణ్ణి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో కొలిచే నీళ్ళ దేవత మామీ వాటా పేరు ఎక్కడో చదివినప్పటి నుంచి ఆవిడ ఎలా ఉంటుందో, జాలర్లు ఆవిడతో ఎలా వేగుతారో చూడాలని ఉండేది. పదమూడు రోజులు తిరిగాను. ఘనాలో అక్రా, కేప్ కోస్ట్, ఎల్మినా, ఆ తర్వాత టోగో మీదుగా బెనిన్‌లో గ్రాండ్ పోపో, వీడా, గాన్వియే.

ముందు కాగితాల సంగతి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే ఈ దేశాల్లో అడుగు పెట్టనివ్వరు. నేను హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాను. టీకా వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లదు కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. ఘనా, టోగో, బెనిన్ మూడింటికీ విడివిడిగా వీసాలు కావాలి. మలేరియా మాత్రలు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. ఘనాలో ఇంగ్లీషుతో బతికేయొచ్చు, సరిహద్దు దాటితే ఫ్రెంచే. నాకు బోంజూర్ తప్ప రాదు. దాంతో బెనిన్‌లో నేను తిన్నవాటిలో సగం వేలు పెట్టి చూపించి తిన్నవే.

అక్రాలో రెండు రోజులు చాలు. జేమ్స్ టౌన్ లైట్‌హౌస్ కింద జాలరి పేట ఉంది. అక్కడి గా జాతివాళ్ళ సముద్ర దేవుడు నాయ్, ఆయన పూజారిని నాయ్ వులోమో అంటారు. పేటలో తిప్పడానికి కుర్రాళ్ళు గైడ్లుగా వెంటపడతారు. ముందే రేటు మాట్లాడుకుంటే మంచివాళ్ళే.

అసలు ప్రయాణం ఎల్మినాకి. అక్రా నుంచి కేప్ కోస్ట్ 145 కిలోమీటర్ల చిల్లర, అక్కడి నుంచి ఎల్మినా ఇంకో పన్నెండు, పదమూడు. ట్రోట్రో అనే వ్యానుల్లో చౌక, కానీ నిండేదాకా కదలవు. నేను కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు బాగా కబుర్ల మనిషి. మామె వాటర్ (ఘనాలో మామీ వాటాని ఇలాగే పిలుస్తారు) గురించి అడగ్గానే మాత్రం మూగవాడైపోయి చర్చి పాటల సౌండు పెంచాడు. కాసేపయ్యాక, "సార్, ఆ పేరు కారులో వద్దు" అన్నాడు. పాస్టర్లు ఆవిడని సైతాను కింద జమ కట్టారట. రేవులో చూస్తే ప్రతి పడవ మీదా బైబిలు వాక్యమే రాసి ఉంది, ఆ పడవలే మంగళవారం కదలవు. రెండూ ఎలా కుదిరాయని ఒక జాలరిని అడిగితే నన్ను వింతగా చూశాడు. మన దగ్గర మేరీమాతకి కొబ్బరికాయ కొట్టేవాళ్ళని అడిగినా అలాగే చూస్తారు.

మంగళవారం సంగతి వివరంగా చెప్పాలి. ఘనా తీరంలో గా, ఫాంటే జాతుల జాలర్లు మంగళవారం సముద్రం మీదికి వెళ్ళరు. అది సముద్రానిది. ఫాంటేవాళ్ళు సముద్ర దేవుణ్ణి బొసొంపో అంటారు, ఆ రోజు ఆయన విశ్రాంతి తీసుకుంటాడు, నీళ్ళలో తిరిగే దేవతలందరూ ఆ రోజు బయటికొస్తారు, అప్పుడు వల వేస్తే ఎవరి మీద పడుతుందో తెలీదు. నాకు చెప్పిన పెద్దాయన ఆ రేవులోనే ముసలివాడైన మనిషి. మాట తప్పి వెళ్ళినవాడికి జరిమానా వేసేది దేవుడు కాదట, రేవు పెద్ద. ఆ పెద్దని అపొఫొహెనె అంటారు. చేపలమ్మే ఆడవాళ్ళకి వేరే పెద్దమ్మ ఉంటుంది, ఆవిడ కొంకొహేమా. చేపలకు ధర పలికేటప్పుడు ఆవిడ మాటే చెల్లుతుంది.

నేను ఎల్మినాలో ఉన్నది జూలై మొదటి మంగళవారం. కావాలనే ఆ తేదీ పెట్టుకున్నాను, ఆ రోజు బకటుయే పండగ. లగూన్ (సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి మడుగు) తెరవడం అని ఆ మాటకి అర్థం. ఊరిని ఆనుకుని బెన్యా అనే లగూన్ ఉంది, ఒక వంతెన కింద నుంచి సముద్రంలో కలుస్తుంది. పండగకు ముందు కొన్ని వారాలు అందులో ఎవరూ వల వేయకూడదు. పండగనాడు ఊరి పెద్ద, పరివారం డప్పులతో ఊరేగి వస్తారు. ఉడికించిన కందగడ్డ లాంటి యామ్‌ని మెదిపి పామాయిల్ కలిపి, గుడ్లతో పాటు లగూన్ దేవత నానా బెన్యాకి నైవేద్యంగా నీళ్ళలో వదులుతారు. ఆ తర్వాత మూడుసార్లు వల విసురుతారు. మూడో విసురుకి వంతెన మీద జనం ఒక్కసారి ముందుకి ఒరిగారు, నా వెనకున్న ముసలమ్మ నా భుజం పట్టుకుని పైకి లేచి చూసింది. వలలో అరచేయంత చేపలు ఓ పది మెరిశాయి. ఆవిడ నా వీపు మీద గట్టిగా ఒకటి చరిచి ఏదో అంది. ఈ ఏడు బాగుంటుందని పక్కనున్న కుర్రాడు చెప్పాడు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. దాన్ని సర్కారు పెట్టింది, కోస్ట్ గార్డు చూస్తుంది, పరిహారం ఎప్పుడు పడుతుందా అని మనవాళ్ళు ఎదురు చూస్తారు. ఘనా ప్రభుత్వం కూడా 2019లో చిన్న పడవలకి ఇలాంటి విరామమే పెట్టింది. దాని మీద రేవులో గొణుగుడు విన్నాను, మంగళవారం మీద ఒక్క గొణుగుడు వినలేదు. వలలు బాగుచేసుకునే రోజది, పిల్లలు నాన్నల్ని చూసే రోజు. పెద్దాయన కోపమంతా రాత్రిపూట లైట్లు పెట్టి పట్టేవాళ్ళ మీద, ట్రాలర్లు నడిసముద్రంలో దొంగచాటుగా అమ్మే చేపల మీద. దాన్ని అక్కడ సైకో అంటారు, మన సైకోకీ దానికీ సంబంధం లేదు. "లైట్లు వేసి మామె వాటర్ ఇంట్లోకే వెళ్తున్నారు, ఆవిడకి నిద్రెక్కడిది?" అన్నాడు.

బస గురించి చెప్పకపోతే అన్యాయం. సముద్రం కనిపించే గది అని బుక్ చేశాను, కనిపించింది కూడా. కుళాయిలో మాత్రం రెండు రోజులు చుక్క నీరు రాలేదు. నీళ్ళ దేవతల ఊళ్ళో బకెట్టు స్నానం చేశాను. పండగ కాబట్టి రేటు మాత్రం రెట్టింపు. పండగకి వెళ్ళేవాళ్ళు కేప్ కోస్ట్‌లో దిగి పొద్దున్నే రావడం మంచిది. తిండికి ఢోకా లేదు. పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద కెంకే, వేయించిన చేప, షిటో అనే నల్లకారం. షిటోలో ఎండురొయ్యలు పడతాయి. రెండో రోజుకి అది లేకుండా ముద్ద దిగలేదు.

కోటలు రెండూ చూడాలి. ఎల్మినా కోట 1482లో పోర్చుగీసువాళ్ళు కట్టింది. బానిసల్ని కుక్కిన నేలమాళిగల్లో గైడు టార్చి ఆపేసి ఒక నిమిషం నిలబెడతాడు, ఆ నిమిషం గురించి రాయలేను. కేప్ కోస్ట్ కోటలో మగవాళ్ళ చెరలోనే నానా తబిర్ అనే దేవుడి గుడి ఉంది. ఆ బండ మీద కోట రాకముందు నుంచీ ఉన్న దేవుడట. తెల్లవాడు ఆయన నెత్తిన కోట కట్టాడు, ఇప్పుడు కోట మ్యూజియం అయింది, ఆయన ఇంకా పూజలందుకుంటున్నాడు.

అక్రా నుంచి బెనిన్‌కి బస్సులో వెళ్ళాను. రెండు సరిహద్దులు, నాలుగు క్యూలు. పొద్దున బయల్దేరితే గ్రాండ్ పోపోలో దిగేసరికి చీకటి పడింది. ఈ ఊరికి ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క మోనో నది, మధ్యలో కొబ్బరి చెట్లు. కోనసీమ వాణ్ణి కళ్ళు కట్టి తెచ్చి వదిలితే అంతర్వేది దగ్గర ఉన్నాననుకుంటాడు. సముద్రంలో మాత్రం దిగొద్దు. అల ఒడ్డున విరిగి కాళ్ళ కింద ఇసుకని లోపలికి లాగేస్తుంది. ఇక్కడ ఈతకెళ్ళి పోయినవాణ్ణి మామీ వాటా తీసుకుపోయిందంటారు, ఎర్రజెండా కంటే ఆ మాటే బాగా పనిచేస్తుంది. పొద్దున్నే ఊరంతా కలిసి అలివి వల లాగుతారు. రెండు తాళ్ళు, ఒక్కోదానికి ముప్పై మంది, పాటకి అడుగు. నేనూ అరగంట లాగాను. నా వాటాకి నాలుగు కవళ్ళు ఇచ్చారు.

ఇక నేను వచ్చిన పని. బస యజమానికి తెలిసిన గైడు ఒక మామిస్సీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మామీ వాటాని కొలిచేవాళ్ళని అలా అంటారు. ముందే చెప్పాడు, ఒక జిన్ను సీసా, రెండు నారింజ సోడాలు, ఒక టాల్కం పౌడరు డబ్బా పట్టుకెళ్ళాలి, ఫోటోలు తీయకూడదు. డబ్బులు ఎంతివ్వాలో ఆవిడ చెప్పలేదు, గైడు చెప్పాడు. కాస్త ఎక్కువే అనిపించింది.

గది మా వంటింటంత ఉంటుంది. తెల్ల గుడ్డ, ఎర్ర గుడ్డ. అద్దం, దువ్వెన, సెంటు సీసాలు, ఒక నల్ల కళ్ళద్దాల జత. మామీ వాటా షోకిలా, డబ్బు ఇస్తుంది, తన మాట తప్పితే లాక్కుంటుంది. గోడ మీద ఆవిడ బొమ్మ. పొడవాటి జుట్టు, మెడ చుట్టూ పాము. ఈ బొమ్మ కథ విచిత్రం. 1880ల్లో జర్మనీలోని హాంబర్గ్‌లో పాములాడించే ఒకామె పోస్టరు అచ్చువేశారు, అది ఎలాగో పశ్చిమ ఆఫ్రికా చేరింది. జనం చూసి ఇదే మన నీళ్ళ తల్లి అన్నారు. గిరాకీ ఎంతగా పెరిగిందంటే 1955లో ఘనాలోని కుమాసి నుంచి ఆర్డరొస్తే బొంబాయిలో శ్రీరామ్ క్యాలెండర్ కంపెనీ 12,000 కాపీలు వేసింది. అంటే ఆ గోడ మీద ఉన్నది మన దేశపు అచ్చు బొమ్మకి మనవరాలే అయ్యుండొచ్చు.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పక్క గోడ చూశాను. మూడు తలలు, ఆరు చేతులు, కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలు, వెనక ఆవు. దత్తాత్రేయుడు! అంచులు చెమ్మకి ఉబ్బి, మేకుల తుప్పు కారి గోడ మీద చారలు కట్టింది. మా ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల పిఠాపురంలో ఆయన గుడికి ఎన్ని గురువారాలు వెళ్ళానో. "ఈయనెవరు?" అని నేనడగాల్సింది పోయి ఆవిడే నన్నడిగింది, నువ్వు ఆ దేశం వాడివేగా అని. వాళ్ళకి ఈయన పాపీ డెన్సు, మామీ వాటా మొగుడు. ఘనాలో డెన్సు అని నదే ఉంది. సింధీ వ్యాపారుల దుకాణాల గోడల మీద మన దేవుళ్ళ క్యాలెండర్లు చూసి, ఈ తీరంవాళ్ళు ఎవరి దేవుడు ఎవరో పోల్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

మా దత్తుడు అవధూత, ఆయనకి పెళ్ళేమిటి అనబోయాను. మా అమ్మ చేసే అనఘా వ్రతం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అనఘాదేవిని పక్కన పెట్టుకుని మనమే పూజిస్తున్నాం కదా. ఆయనకి ఏ రోజు ఇష్టమని అడిగింది, గురువారం అన్నాను. ఆవిడ గైడుతో ఏదో అని ఆ మాట రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకుంది. కుక్కలు ఎందుకని అడిగితే నాలుగు వేదాలని చెప్పాను, దానికి పెద్దగా తల ఊపలేదు. వచ్చేటప్పుడు, బొమ్మ పాడైపోయింది, మీ ఊళ్ళో కొత్తది దొరికితే పంపమంది.

ఆ తర్వాత చూసినవన్నీ కాస్త చప్పగా అనిపించాయి, తప్పు వాటిది కాదు. వీడాలో కొండచిలువల గుడి పది నిమిషాల్లో అయిపోతుంది, పాముని మెడలో వేసుకుని ఫోటో దిగాలంటే వెళ్ళండి. అక్కడి నుంచి సముద్రం దాకా బానిసల్ని నడిపించిన నాలుగు కిలోమీటర్ల దారిలో మాత్రం నడిచే వెళ్ళండి, బండెక్కొద్దు. జనవరిలో అయితే అక్కడే వూడూ (అక్కడి పాత మతం) పండగ, దానికి బెనిన్ అంతా సెలవు. రద్దీ తట్టుకోగలిగితే అప్పుడే వెళ్ళాలి.

గాన్వియే నొకూవే సరస్సు మధ్యలో గుంజల మీద కట్టిన ఊరు. బానిసల వేటగాళ్ళ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. తరుముకొచ్చిన ఫాన్ జాతి సైనికులు నీళ్ళలోకి దిగి దాడి చేయడం వాళ్ళ మతంలో నిషిద్ధమట. రాజు కొంగై ఎగిరి చోటు వెతికాడని, మొసలై జనాన్ని మోసుకొచ్చాడని కథ. సరస్సులో కొమ్మలు గుచ్చి చేపలు చేరాక చుట్టూ వల కట్టి పడతారు, దాన్ని అకాజా అంటారు. అది చూడ్డానికే వెళ్ళండి. మా పడవవాడు మాట్లాడుకున్న రేటు నడి సరస్సులో మార్చాడు. అక్కడ దిగిపోతానని ఎలా అంటాం? టిక్కెట్టు ఒడ్డున కౌంటర్లోనే తీసుకోండి. ఆడవాళ్ళు కెమెరా కనిపించగానే టోపీలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు, ఫోన్ జేబులోనే ఉంచండి.

తిరిగొచ్చిన మూడో గురువారం పిఠాపురం వెళ్ళాను. గుడి ముందు పటాల దుకాణంలో కుక్కలూ ఆవూ కనిపించే పెద్ద పటం ఒకటి, అనఘాదేవితో ఉన్నది ఒకటి తీసుకున్నాను. "ఫ్రేము కట్టించమంటారా?" అని అడిగాడు దుకాణదారు. వద్దు, లామినేషన్ చేయించమన్నాను. ఆ ఉప్పుగాలికి మేకులు ఆగవు.