డబ్బు గురించి రాస్తే డబ్బొస్తుందా? ఎనిమిదేళ్ల తర్వాత నా లెక్క

పొదుపు, అప్పులు, బీమా, రిటైర్మెంట్ గురించి రాసే సైట్ ఒకటి ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. కొత్తగా పరిచయమైనవాళ్లు రెండో మాటగా అడిగేది ఒకటే: "ఎంతొస్తుంది?" నా అంకె చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. అది ఎక్కడి నుంచి వస్తుందో, వస్తూ వస్తూ రాసేవాడిని ఏం చేస్తుందో చెబితే కొంత ఉపయోగం. నేను వాడినవి మూడు: ప్రకటనలు, అఫిలియేట్ కమీషన్, సొంతంగా తయారుచేసి అమ్మిన ఒక బడ్జెట్ షీటు.

మొదట ప్రకటనలు. వెయ్యి పేజీ వ్యూలకి ఎంత పడిందన్నదే ఇక్కడ కొలత, ఆర్‌పీఎం అంటారు. ఇంటి ఖర్చులు ఎలా రాసుకోవాలో చెప్పిన పేజీని నా సైట్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చదివారు. ఇంటి రుణాల వడ్డీలు పోల్చిన పేజీకి వచ్చేవాళ్లు అందులో పదో వంతు కూడా ఉండరు. నెలాఖరుకి చూస్తే రెండోదే ఎక్కువ తెచ్చేది. మొదట్లో డాష్‌బోర్డ్ తప్పు చూపిస్తోందనుకున్నాను. తర్వాత అర్థమైంది. ప్రకటన చోటు వేలంలో పోతుంది. ఖర్చులు రాసుకునే మనిషికి అమ్మడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు. రుణం తీసుకునే మనిషి ఇరవై ఏళ్లు వడ్డీ కడతాడు, అతని కోసం పాట ఎంతైనా పెంచుతారు. డబ్బు విషయాలు రాసే సైట్లకి మంచి రాబడి ఉంటుందన్న పేరు అలా వచ్చిందే. పాఠకుల సంఖ్య చూసి రాబడి అంచనా వేసేవాళ్లు బోల్తాపడేది కూడా ఇక్కడే.

వచ్చిన పాటలో మనకెంత? సైట్లలో ప్రకటనలు పెట్టే గూగుల్ సేవ పేరు యాడ్‌సెన్స్. గూగుల్ 2010లో బయటపెట్టిన లెక్క ప్రకారం అందులో సైట్ యజమానికి 68 శాతం. 2024లో క్లిక్‌కి బదులు ప్రకటన కనిపించినందుకే చెల్లించే పద్ధతికి మారారు, వాటా మాత్రం దాదాపు అంతే ఉంటుందన్నారు. నేను వాడిన నెట్‌వర్క్ వేరు. కనీస మొత్తం చేరేదాకా డబ్బు చేతికివ్వదు. నా మొదటి చెల్లింపుకి పదకొండు నెలలు పట్టింది. రెండో ఏడాది ఒక నెల రాబడిలో మూడో వంతు "చెల్లని క్లిక్‌లు" అని కోసేశారు. కూపీ లాగితే, మా బావమరిది ప్రేమకొద్దీ రోజూ నాలుగైదు ప్రకటనలు నొక్కుతున్నాడు. నా మీద ప్రేమ ఉంటే కాస్త తగ్గించుకోమని చెప్పాల్సొచ్చింది.

ఏడాది చివర్లో ప్రకటనదారులు మిగిలిన బడ్జెట్ ఖర్చుపెట్టేస్తారు కాబట్టి రేట్లు పైకెళ్తాయి, జనవరి రాగానే కూలబడతాయి. మొదటి జనవరిలో సైట్ పాడైందేమోనని రెండు రోజులు కోడ్ వెతికాను.

ఇక అసలు కథ అఫిలియేట్ కమీషన్ది. మనమిచ్చిన లింకు నొక్కి పాఠకుడు ఖాతా తెరిచినా, కార్డు తీసుకున్నా కంపెనీ మనకింత అని ఇస్తుంది. పాఠకుడి మీద అదనంగా ఏమీ పడదు. నా మొత్తం రాబడిలో మూడింట రెండు వంతులు ఇదే తెచ్చింది, అదీ పట్టుమని పది పేజీల నుంచి. డబ్బు వెంటనే రాదు. ఖాతా నిలబడిందని తేలాక, రెండు మూడు నెలలకి వస్తుంది. ఆలోపు అతను రద్దు చేసుకుంటే మన లెక్కలోంచీ పోతుంది. పైగా రేటు మన చేతిలో ఉండదు. అమెజాన్ 2020 ఏప్రిల్‌లో చాలా రకాల వస్తువుల మీద కమీషన్ ఒక్క దెబ్బతో కోసింది, అందరికీ తెలిసిందే. నాకూ ఒక కంపెనీ నుంచి అలాంటి మెయిల్ వచ్చింది: వచ్చే వారం నుంచి సగం. ఆరు నెలలు కూర్చుని రాసిన పేజీ విలువ రెండు వాక్యాల్లో సగమైపోయింది.

దానికంటే బాధించింది ఇంకొకటి. రెండు క్రెడిట్ కార్డులు పోలుస్తూ ఒక పేజీ రాశాను. ఒకటి నాకు మూడు రెట్లు కమీషన్ ఇస్తుంది, వార్షిక ఫీజు ఎక్కువ. రెండోదానికి ఫీజు లేదు. మామూలు మనిషికి రెండోదే మంచిది. నేను మొదటిది పైన పెట్టాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు, కమీషన్ వస్తుందని కూడా పేజీ పైనే రాశాను. వరస మాత్రమే మార్చాను. నాలుగు నెలలు బాగానే వచ్చింది. ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వీటిలో ఏది తీసుకోమంటావ్?"

"రెండోది," అన్నాను ఆలోచించకుండా.

"మరి నువ్వు మొదటిది పైన పెట్టావేంటి?"

ఆ రాత్రే వరస మార్చాను. ఆ పేజీ రాబడి సగానికి పైగా పడిపోయింది, మళ్లీ లేవలేదు.

ఈ రంగంలో వంకర ఇదే. నిజంగా మేలు చేసే సలహాలకి కమీషన్ ఉండదు. అప్పు తీర్చేయ్, అది కొనకు, షేర్ మార్కెట్ సూచీ వెంటే నడిచే, తక్కువ ఖర్చుండే ఇండెక్స్ ఫండ్‌లో వేసి మర్చిపో. ఇవి చెబితే ఎవరిస్తారు? ఇండెక్స్ ఫండ్‌లో ఫీజే నామమాత్రం, అందులోంచి నాకు పంచడానికి ఏం మిగులుతుంది? కార్డులు, రుణాలు, ట్రేడింగ్ ఖాతాల్లో కంపెనీకి లాభం ఎక్కువ కాబట్టి కమీషనూ ఉంది. పెద్ద సైట్లదీ ఇదే ఆదాయం. కార్డులు, రుణాలు పోల్చి చూపే, 2009లో మొదలైన అమెరికా సైట్ నెర్డ్‌వాలెట్ 2023లో దాదాపు 60 కోట్ల డాలర్ల ఆదాయం చూపించింది. అయినా ఆ ఏడాది నష్టంతోనే ముగించింది. మనుషుల్ని సైట్‌కి రప్పించడానికి పెట్టే ఖర్చు అంత ఉంటుంది మరి. బ్రిటన్‌లో మార్టిన్ లూయిస్ 2003లో పెట్టిన పొదుపు సలహాల సైట్ మనీ సేవింగ్ ఎక్స్‌పర్ట్ 2012లో 8.7 కోట్ల పౌండ్ల దాకా ధరకి అమ్ముడైంది. ఇలాంటివి చూసి రంగంలో దిగేవాళ్లకి ఒక మాట: "ఈ నెల నా రాబడి ఇంత" అని పెట్టే పోస్టుల్లో లింకులు గమనించండి. చాలావాటిలో సైట్ ఎలా పెట్టాలో నేర్పే కోర్సుకో, సైట్‌కి సర్వర్‌లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీకో దారి ఉంటుంది. చూపించిన రాబడిలో కొంత ఆ చూపించడం వల్లే వస్తుంది.

షీటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తక్కువ అమ్ముడవుతుంది, తలనొప్పి లేదు.

ఒకసారి సెర్చ్‌లో ఏ పేజీ ముందు చూపాలన్న లెక్కలు మారి, వారంలో మూడో వంతు పాఠకులు రాకుండా పోయారు. నేను రాసింది ఒక్క అక్షరం మారలేదు. అప్పటి నుంచి సైట్ డబ్బుని జీతంలా చూడటం మానేశాను, ఉద్యోగం ఉంచుకున్నాను.

మార్కులు వేయమంటే ప్రకటనలకి ఐదుకి రెండు, కమీషన్‌కి డబ్బు పరంగా నాలుగు, నిద్ర పరంగా ఒకటి, షీటుకి మూడున్నర. ఇప్పుడు ప్రకటనలు రుణాల పేజీల్లో తప్ప అన్నిచోట్లా తీసేశాను. కమీషన్ లింకులు ఉంచాను, కానీ పేజీలో వరస తేలిపోయేదాకా రేట్ల పట్టిక తెరవను. చెల్లెలు మాత్రం ఇప్పటికీ సైట్ చూడదు, ఫోన్ చేసే అడుగుతుంది.