చవక షేర్లను వెతికిపెట్టే సేవ: ఏడాది వాడిన తర్వాత నా అభిప్రాయం

విలువ కన్నా తక్కువ ధరకు దొరికే షేర్లను సొంతంగా వెతుక్కునే చిన్న మదుపరిని నేను. ఆ పనిలో తోడుగా ఉంటుందని ఒక స్టాక్ స్క్రీనర్ (మనం పెట్టిన షరతుల ప్రకారం షేర్లను వడపోసి చూపే) సేవకు చందా కట్టి, ఏడాది పాటు దాదాపు ప్రతి వారాంతమూ వాడాను. కొన్ని ఫిర్యాదులు ఉన్నందున సంస్థ పేరు చెప్పడం లేదు. అయినా ఇలాంటి సేవ తీసుకోవాలని ఆలోచిస్తున్నవారికి నా అనుభవం అక్కరకు వస్తుందని రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది చెప్తాను. ఒక కంపెనీ పదేళ్ల లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, నగదు ప్రవాహాల పట్టిక మూడూ ఒకే పేజీలో కనిపిస్తాయి. బోనస్ షేర్లు, షేర్ల విభజన జరిగినప్పుడు పాత సంవత్సరాల ఒక్కో షేరు లాభాన్ని కూడా సరిదిద్ది చూపిస్తారు. ఒక కంపెనీలో నికర లాభం ఏటా పెరుగుతున్నా, నిర్వహణ ద్వారా వచ్చిన నగదు మాత్రం నాలుగేళ్లుగా ఉన్నచోటే ఉందని నాకు తెలిసింది ఈ పేజీ వల్లనే. కింది వరుసలో చూస్తే, అమ్మిన సరుకుకు డబ్బు చేతికి రావడానికి పట్టే సమయం 60 రోజుల నుంచి 140 రోజులకు పెరిగింది. పీఈ నిష్పత్తి (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లు ఉందన్న లెక్క) ఒక్కటే చూసి ఉంటే ఆ షేరును నేను కొనేసేవాడిని.

ఇక అసలు ఇబ్బంది, ఈ సేవ అందరికంటే గొప్పగా చెప్పుకునే ‘అంతర్గత విలువ’ (షేరుకు నిజంగా ఉండవలసిన విలువ అని వేసే అంచనా) అనే ఆకుపచ్చ అంకెతోనే. షేరు లాభాన్ని, పుస్తక విలువను (కంపెనీ ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే ఒక్కో షేరుకు వచ్చే మొత్తాన్ని), 22.5ను గుణించి వర్గమూలం తీస్తే వచ్చే గ్రాహం సంఖ్యనే ఆ పేరుతో చూపిస్తారు. పీఈ 15కు, ధర-పుస్తక విలువ నిష్పత్తి 1.5కు మించకూడదన్న, విలువ చూసి మదుపు చేసే పద్ధతికి ఆద్యుడైన బెంజమిన్ గ్రాహం హద్దుల నుంచే ఆ 22.5 వచ్చింది. కనుక సూత్రంలో తప్పు లేదు, దానికి అందించే లాభంలోనే ఉంది. నేను చూసిన ఒక షేరు ధర 120, పుస్తక విలువ 100, షేరు లాభం 20. పీఈ 6, అంతర్గత విలువ 212, అంటే 43 శాతం తగ్గింపు ధర అని తెర మీద మెరిసింది. వార్షిక నివేదికలోని వివరణలు తెరిచి చదివితే, ఆ 20లో 12 పాత స్థలం అమ్మగా ఒక్కసారి వచ్చిన లాభమని తేలింది. దాన్ని తీసేస్తే మిగిలిన లాభం 8, పీఈ 15, గ్రాహం సంఖ్య సుమారు 134. మదుపరి నమ్ముకోవలసిన భద్రతా మార్జిన్, అంటే అంచనా విలువ కన్నా ధర ఎంత తక్కువో ఆ తేడా, 11 శాతానికి కుంచించుకుపోయింది. ఈ సంగతి వాళ్లకు రాస్తే, కంపెనీ ప్రకటించిన లాభాన్నే తాము తీసుకుంటామని మర్యాదగానే జవాబిచ్చారు. కనీసం అంకె పక్కన ఒక హెచ్చరికైనా పెట్టి ఉండవలసింది.

భవిష్యత్తు నగదును నేటి విలువకు లెక్కగట్టే గడి ఎక్కువ చందా కట్టినవారికే తెరుచుకుంటుంది. అందులో ముందే నింపి ఉంచిన అంకెలను కదపకుండా వదిలేస్తే ప్రమాదం. ఎందుకంటే వచ్చే ఏడాది నగదు 100 అనుకుని, డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) 10 శాతం, శాశ్వత వృద్ధి (ఆ నగదు ఏటా పెరుగుతూ పోయే రేటు) 3 శాతం పెడితే విలువ సుమారు 1,429 అవుతుంది. రేటు 9, వృద్ధి 4 అని ఒక్కొక్క శాతమే జరిపితే అది 2,000కు చేరుతుంది. వేలితో అటూ ఇటూ జరిపే గీత మీద ఇంత తేడా వస్తుంటే, చివర్లో దశాంశాలతో సహా ఒక విలువ చూపించడం నాకు సబబుగా తోచలేదు.

కంపెనీ ఆర్థిక బలాన్ని తొమ్మిది పరీక్షలతో కొలిచే పియోట్రోస్కీ స్కోరు తయారీ కంపెనీల విషయంలో బాగానే పనికొస్తుంది. స్థూల మార్జిన్ (అమ్మకాల్లో సరుకు ఖర్చు పోగా మిగిలే వాటా), కరెంట్ నిష్పత్తి (స్వల్పకాలిక ఆస్తులు స్వల్పకాలిక అప్పులకు ఎన్ని రెట్లో) లాంటి కొలతలు బ్యాంకులకు అర్థవంతం కాకపోయినా, వాటికీ అదే స్కోరు ఇస్తున్నారు. ఉక్కు, సిమెంటు వంటి ఆటుపోట్ల రంగాల్లో లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ అతి తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ‘చవక షేర్లు’ జాబితాలో పై వరుసలన్నీ వాటితోనే నిండిపోయిన నెలలున్నాయి. పదేళ్ల సగటు లాభంతో పీఈ చూసే సదుపాయం ఉంది గానీ, అది ఎక్కడో నాలుగో మెనూలో దాగి ఉంది. దాన్ని ఎంచుకున్న రోజు నా జాబితాలోని 34 పేర్లు 11కు తగ్గాయి.

గడువు ముగిశాక చందా మళ్లీ కట్టాను, అయితే కింది స్థాయికే. పదేళ్ల పట్టికలు, వార్షిక నివేదికల లంకెలు, వడపోత అందులోనే ఉన్నాయి. ఆకుపచ్చ అంకె ఉన్న గడిని సెట్టింగుల్లో మూసేశాను. ఒక్కో కంపెనీకి లాభంలో ఒక్కసారి వచ్చినదెంత, నిలిచేదెంత అన్నది వివరణలు చదివి నా పట్టికలో నేనే రాసుకుంటున్నాను.