సోర్స్ నుంచి కట్టుకున్న బీబీసీ మైక్రో: బి-ఎమ్‌తో మూడేళ్లు

1987లో నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడికి రెండు బీబీసీ మైక్రోలు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, ఒక్కో కంప్యూటర్ ముందు ఐదుగురం సర్దుకుని కూర్చునేవాళ్లం. స్విచ్ వేస్తే ‘బీప్’ మని మోగి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చేవి. మూడేళ్ల కింద దేవరకొండలో, మా ఇంటి వరండాలో, పాత ల్యాప్‌టాప్‌లో ఆ బీప్ మళ్లీ విన్నాను. కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

అది వినిపించినది బి-ఎమ్ అనే ఎమ్యులేటర్, అంటే పాత బీబీసీ మైక్రోను ఇప్పటి కంప్యూటర్‌లో ఉన్నదున్నట్టు నడిపించే ప్రోగ్రామ్. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం మా గవర్నమెంటు హైస్కూల్ పిల్లలతో దాని మీదే పనిచేస్తున్నాను. లెక్కల సారుకు దీంతో ఏం పని అని అడిగేవాళ్లకు కూడా ఇందులో జవాబు ఉంది.

బీబీసీ మైక్రోను ఇంగ్లండ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో తెచ్చింది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, మోడల్ బిలో 32 కేబీ మెమరీ. మన దేశంలో 1984లో మొదలైన, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే ‘క్లాస్’ పథకం కింద బడులకు ఇచ్చింది ఈ యంత్రాన్నే. మా తరంలో చాలామంది కంప్యూటర్‌ను మొదట ముట్టుకున్నది అక్కడే.

బ్రౌజర్‌లోనే నడిచే బీబీసీ ఎమ్యులేటర్లు కూడా ఉన్నాయి, బాగున్నాయి. కానీ నాకు నెట్ లేకపోయినా నడిచేది కావాలి. వానాకాలంలో మా దగ్గర గాలి కొడితే ముందు కరెంటు పోతుంది, వెనకే నెట్ పోతుంది. అందుకే సోర్స్, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్, తెచ్చుకుని మన యంత్రంలో మనమే కట్టుకునే దారి పట్టాను.

కట్టడం కష్టం కాదు గానీ, మొదటి గంట టెన్షన్ పెడుతుంది. లినక్స్‌లో గిట్ అనే సాధనంతో సోర్స్ దించుకోవాలి. ఆ ఫోల్డర్‌లోకి పోయి ముందు ఆటోజెన్ స్క్రిప్ట్, తర్వాత కాన్ఫిగర్, చివరికి మేక్ అనే ఆజ్ఞలు ఇవ్వాలి. నేను కాన్ఫిగర్ దగ్గర మూడుసార్లు ఆగిపోయాను. ఈ ఎమ్యులేటర్ తెర, ధ్వని, మెనూల కోసం అల్లెగ్రో 5 అనే లైబ్రరీ (వేరేవాళ్లు రాసి పెట్టిన కోడ్) మీద ఆధారపడుతుంది. లైబ్రరీ నా దగ్గర ఉంది, అయినా లేదనే చెబుతోంది. విషయం ఏమిటంటే, ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ చాలు. కంపైల్ చేయడానికి, అంటే సోర్స్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి మాత్రం దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి. అవి పేరు చివర ‘డెవ్’ అని ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. అల్లెగ్రోకు ఆడియో, డైలాగ్, ఇమేజ్ అని ముక్కలు ముక్కలుగా ప్యాకేజీలుంటాయి. ప్రతిదానికీ డెవ్ వేసుకోవాలి. ఆటోకాన్ఫ్, ఆటోమేక్, జెడ్‌లిబ్ డెవ్ కూడా మరిచిపోవద్దు. అన్నీ వేశాక మేక్ కొడితే వార్నింగులు వరసగా పోతుంటాయి, వాటికి భయపడొద్దు. ‘ఎర్రర్’ అనే మాట రానంతవరకు పని జరుగుతున్నట్టే. పాత బీబీసీ రోమ్ ఫైళ్లు (యంత్రం చిప్‌లలో ఉండే సొంత ప్రోగ్రాములు) సోర్స్‌తోనే వస్తాయి కాబట్టి వాటి కోసం తిరగాల్సిన పని లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు తయారైన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి తెచ్చాను. తెరుచుకోలేదు, అల్లెగ్రో దొరకలేదంది. యంత్రం మారితే అక్కడ మళ్లీ కట్టడమే మేలు. పది నిమిషాల పని.

అసలు దెబ్బ తగిలింది రెండో ఏడాది. కొత్త సోర్స్ తెచ్చుకుందామని పాత ఫోల్డర్ తీసేశాను. పిల్లల ప్రోగ్రాములున్న డిస్క్ ఇమేజ్, అంటే ఫ్లాపీ డిస్క్‌కు బదులుగా వాడే ఫైల్, అందులోనే ఉంది. రెండు నెలల పని పోయింది. సోమవారం పిల్లలకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మీరు మాత్రం డిస్క్ ఇమేజ్‌లను మొదటి రోజే సోర్స్ ఫోల్డర్‌కు బయట పెట్టుకోండి.

అలవాటు కావడానికి టైమ్ పట్టేది కీబోర్డు. మన ల్యాప్‌టాప్‌లో షిఫ్ట్‌తో 2 నొక్కితే ‘ఎట్’ గుర్తు వస్తుంది, బీబీసీలో కొటేషన్ గుర్తు వస్తుంది. స్టార్ గుర్తు సెమీకోలన్ పక్క కీలో ఉంటుంది. డిస్క్‌లో ఏముందో చూసే ‘స్టార్ క్యాట్’ కోసం అది రోజూ కావాలి. నేను కీల మీద చిన్న స్టిక్కర్లు అంటించాను. ఫైల్ పేరు 7 అక్షరాలు దాటకూడదు, ఒక డిస్క్ వైపు 31 ఫైళ్లే పడతాయి. ఇవి ఎమ్యులేటర్ లోపాలు కావు, అసలు యంత్రమే అంత. దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది కాబట్టే నాకు నచ్చింది.

బీబీసీలో తెరకు రకరకాల పద్ధతులుంటాయి, వాటినే మోడ్‌లు అంటారు. ఉదాహరణకు మోడ్ 0లో తెర ఒక్కటే 20 కేబీ తింటుంది. డిస్క్ వ్యవస్థ, యంత్రం సొంత అవసరాలు పోగా ప్రోగ్రామ్‌కు మిగిలేది 5,888 బైట్లు. మా పిల్లల జేబుల్లోని ఫోన్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. ప్రోగ్రామ్ పెద్దదైతే ‘బ్యాడ్ మోడ్’ అని ఆపేస్తుంది. అప్పుడు కూర్చుని ఏ లైను తీసేయాలో వెతుకుతారు. ఆ వెతుకులాట నేను బోర్డు మీద ఎంత చెప్పినా రాలేదు.

అన్నిటికన్నా బాగా సాగింది తెలుగు అక్షరాల పని. ఈ యంత్రం ప్రోగ్రామింగ్ భాష బీబీసీ బేసిక్‌లో వీడీయూ 23 అనే ఆజ్ఞతో మన గుర్తులు మనం చేసుకోవచ్చు. 8 వరుసలు, వరుసకు 8 చుక్కలు. ఎడమనుంచి విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. మేం మొదట ‘ర’ చేశాం. చదరాల నోట్‌బుక్‌లో పైన తలకట్టు, కింద సున్నా గీశాం. రెండో వరుసలో మూడు చుక్కలు: 64, 4, 2 కలిపితే 70. అట్లా ఎనిమిది వరుసలకు 3, 70, 44, 24, 60, 66, 66, 60 వచ్చాయి. వాటిని 224వ గుర్తుగా ఇచ్చి ప్రింట్ చేయిస్తే తెర మీద ‘ర’ నిలబడింది. ఎనిమిదో తరగతి పిల్లోడు ఎగిరి గంతేశాడు.

“సార్, అంకెలతోనే అక్షరం అయిందా?”

“అయింది గదరా. ఇప్పుడు నీ పేరు రాయి చూద్దాం.”

వాడి పేరులో వత్తు ఉంది. వత్తు ఎనిమిది చుక్కల ఎత్తులో ఇమడదు. కింది వరుసలో ఇంకో గుర్తు పెట్టాలని వాడే కనిపెట్టాడు. మోడ్ 7లో మాత్రం ఇది కుదరదు, అందులో అక్షరాలు వేరే చిప్ నుంచి వస్తాయి. మోడ్ 1 లేదా 4 తీసుకోండి. ఇప్పుడు మా దగ్గర ‘నల్లగొండ’, ‘దేవరకొండ’, ‘డిండి’ అని రాసే ప్రోగ్రాములున్నాయి.

0, 1లతోనే అంకెలు రాసే బైనరీ పాఠం నాకు మూడు పీరియడ్లు పట్టేది. ఈ పద్ధతిలో పిల్లలు ఒక్క ఆదివారంలో పట్టేశారు. బీబీసీ బేసిక్ రాసిన సోఫీ విల్సన్, యంత్రం డిజైన్‌లో ఉన్న స్టీవ్ ఫర్బర్, వీళ్లిద్దరే తర్వాత ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్‌కు రూపమిచ్చారని, 1985లో వచ్చిన ఆ మొదటి చిప్ వంశమే మీ ఫోన్లలో ఉందని చెప్తే, పిల్లలు ఫోన్లు తీసి వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు.

నాలుగు లినక్స్ ఆజ్ఞలు రాసినవాళ్లు ఎవరైనా దీన్ని ఒక సాయంత్రంలో కట్టుకోవచ్చు. ఆజ్ఞలు టైప్ చేసే టెర్మినల్ అంటేనే చేయి వణికేవాళ్లు మొదట పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. రెండోసారి వాళ్లు అవసరం ఉండరు. నేను ఇప్పుడు బి-ఎమ్‌లోని మాస్టర్ 128 అనే తర్వాతి మోడల్ చూస్తున్నాను. పిల్లలు మాత్రం పాత మోడల్ బి దగ్గరే ఉన్నారు, ‘క్ష’ ఇంకా కుదరలేదట.