ఐదడుగుల గునపం: పన్నెండేళ్ళు వాడాక

విజయనగరం, శ్రీకాకుళం వైపు దీన్ని గునపం అంటాం. వేరేచోట్ల గడ్డపార, పలుగు అంటారు. కొనేటప్పుడు చూడాల్సినవి బరువు, ఇనుము రకం. పైన వేసిన నల్లరంగు మొదటి వారంలోనే పోతుంది.

మేం వాడుతున్నది 5 అడుగుల పొడవు, 28 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎనిమిది పలకల కడ్డీ. ఒక కొస సూది మొన, రెండోది ఉలి మొన. బరువు 8 కిలోలకు కాస్త తక్కువ. ఇదే పొడవులో 25 మి.మీ.ది దాదాపు 6 కిలోలే తూగుతుంది. ఎత్తడం సులువే గానీ ఎండిన గరువు నేలలో తన బరువుతో దిగదు, ప్రతి పోటుకీ భుజబలం కలపాలి. 32 మి.మీ.ది తొమ్మిదిన్నర కిలోలు దాటుతుంది. బండలు కదపడానికి అదే మేలు, కానీ రోజంతా కంచె గోతులు తీసేవాళ్ళకు పనికిరాదు. గుండ్రటి కడ్డీ చెమట చేతిలో తిరుగుతుంది. అది తిరిగితే ఉలి మొన అనుకున్న గీత మీద పడదు. పలకలది తీసుకోమనేది అందుకే.

కొట్టులో ఆకురాయితో మొన మీద ఒకసారి గీయండి. జారితే కాల్చి ముంచి గట్టిపరచిన ఉక్కు. కసుక్కున కొరికితే మెత్తని ఇనుము, రాయి తగిలిన మొదటి రోజే మొన మడతపడుతుంది. ఇల్లు కట్టగా మిగిలిన చువ్వకు మొన తీసి గునపమని అమ్మేవి అసలు వద్దు. బండ కింద పెట్టి నొక్కితే నడుము దగ్గర వంగిపోతాయి, వంగినదాన్ని సరిచేసినా మళ్ళీ అక్కడే వంగుతుంది.

మొన అరిగితే గ్రైండరుతో సానపట్టి ఊరుకోవడం చాలామంది చేసే తప్పు. వేడెక్కి మొన నీలంగా మారిందంటే గట్టిదనం పోయినట్టే. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగదీసి, మొన మాత్రం ఒకటిన్నర అంగుళం నీళ్ళలో ముంచి తీయించాలి. ముంచినంతసేపూ కొద్దిగా పైకీ కిందికీ ఆడించకపోతే నీటిగీత దగ్గర పగులు వస్తుంది. తీశాక రాయితో రుద్ది తెల్లగా చేస్తే, వెనక మిగిలిన వేడి మొనవైపు పాకడం కనబడుతుంది. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. నేల తవ్వే మొనకు ఊదా దగ్గర ఆపి మళ్ళీ ముంచాలి. పసుపులోనే ఆపితే రాయి తగిలినప్పుడు మొన చిట్లుతుంది, ఆ ముక్క కంట్లో పడితే కన్నే పోవచ్చు. మా గునపానికి రెండేళ్ళకోసారి ఈ పని చేయిస్తున్నాం. ఇన్నేళ్ళలో పొడవు 2 అంగుళాలు తగ్గింది, నడుము వంగలేదు.

తవ్వేటప్పుడు బలం పెట్టాల్సింది పైకి ఎత్తడంలో. కిందికి వచ్చేటప్పుడు చేతులు దారి చూపితే చాలు. గట్టిగా బిగించి పొడిస్తే అదురంతా మోచేతులకు ఎక్కుతుంది. వేసవిలో ఎర్రనేలలో గొయ్యి తీయాలంటే ముందురోజు సాయంత్రం గుర్తు పెట్టిన చోట ఒక బకెట్ నీళ్ళు పోసి ఉంచండి, పొద్దునకు పని సగానికి సగం తగ్గుతుంది. తీరంలో ఇసుక నేలకు గునపం దండగ, పార చాలు.

మన భాష ఈ పనిముట్టును బాగా గమనించింది. ‘గుండెల్లో గునపాలు దిగినట్టు’ అంటాం, కోసినట్టు అనం. గునపం కోయదు. దిగుతుంది, దిగాక పక్కకు ఒత్తితే చుట్టూ ఉన్న మట్టి గడ్డలుగా లేస్తుంది. కొందరి మాట అన్నప్పటికన్నా తర్వాత తలచుకున్నప్పుడు ఎక్కువ పెళ్ళగిస్తుంది, సామ్యం అక్కడ అతికినట్టు సరిపోయింది. ‘గునపం మింగి శొంఠి కషాయం తాగినట్టు’ అన్న సామెతలోనూ ఇంత బరువున్న ఇనుమే ఉంది. చేత్తో మోసినవాళ్ళకు ఆ శొంఠి కషాయం ఎంత చిన్నదో బాగా అర్థమవుతుంది.

బండ ఎత్తడానికి ఊతం ఎక్కడ పెట్టామన్నదే లెక్క. 60 అంగుళాల గునపానికి మొన నుంచి 3 అంగుళాల దగ్గర ఊతం పెడితే చేతివైపు 57 మిగులుతుంది, అంటే 19 రెట్లు. 20 కిలోల ఒత్తిడికి లెక్క ప్రకారం 380 కిలోలు లేవాలి. కానీ చేయి 19 అంగుళాలు దిగితే బండ లేచేది ఒక్క అంగుళమే. అందుకే లేచినంత మేరా పక్కనున్నవాళ్ళు రాతిముక్క దూర్చాలి, చెయ్యి మాత్రం దూర్చకూడదు. ఊతానికి రాయికన్నా తుమ్మ మొద్దు నయం, రాయి నలిగి జారుతుంది. గునపానికి పక్కగా నిలబడాలి. మీదకు వంగి నొక్కుతుంటే బండ జారినప్పుడు కొస ఎగిరి దవడకు తగులుతుంది. పొడవు చాలదని చివర పైపు తొడగవద్దు.

కొబ్బరి మొదళ్ళ దగ్గర దీనికి మార్కులు తక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పడగొట్టిన చెట్లలాంటివాటికి సూది మొన వేళ్ళ పీచులో ఇరుక్కుంటుంది. ఉలి మొనతో చుట్టూ వేళ్ళు తెంపి, మిగతాది గొడ్డలికి వదిలేయాలి.

అదే కొబ్బరికాయ పీచు వలవడానికి మాత్రం దీనికి తిరుగులేదు. సూది మొన కిందికి వచ్చేలా 2 అడుగులు పూడ్చి, చుట్టూ రాళ్ళు దట్టించి, ఉలి మొన పైకి ఉంచాలి. కాయను అడ్డంగా పట్టి తొడిమ వైపు పీచులోకి దింపి, కిందికి మెలితిప్పాలి. నడిమికి గురిచూస్తే టెంక పగిలి నీళ్ళు పోతాయి. మూడు నాలుగు మెలికల్లో డొక్క, అంటే పై పీచు, ఊడుతుంది. పని ఆపిన ప్రతిసారీ, మంచినీళ్ళకు లేచినా సరే, ఖాళీ డొక్క ఒకటి ఆ మొనకు గుచ్చి వెళ్ళండి. పెరట్లో పిల్లలు పరిగెడుతుంటారు, ఆ మొన సరిగ్గా వాళ్ళ ముఖాల ఎత్తులో ఉంటుంది.