సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నరా? ముందుగాల దాని గడియారం చూడుండ్రి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు పాత కార్లు కొనేటోళ్లు ఇది చదివినంకనే అడ్వాన్స్ ఇయ్యుండ్రి.

పోయిన ఎండాకాలం హైదరాబాద్‌ల ఒక కార్ కన్సల్టెన్సీల 2019 మోడల్ పెట్రోల్ బండి తీసుకున్న, 4 లక్షల 10 వేలకు. బండి అద్దం లెక్క ఉంది, సెల్ఫ్ కొట్టంగనే అందుకుంది. మేం పోయింది పొద్దుగాల 11 గంటలకు, డ్యాష్‌బోర్డు గడియారం మాత్రం 1:20 చూపెడుతుంది. "టైమ్ తప్పింది సార్" అని నవ్వుకుంట కన్సల్టెన్సీ ఆయనే సెట్ చేసిండు. నేను గూడ నవ్విన. ఆ నవ్వు ఖరీదు 26 వేలు.

మూడు వారాలు ఏం లేదు. తర్వాత ఒకనాడు చిట్యాల దాటినంక మీటర్ ముళ్లన్నీ ఒక్కసారే పడిపోయి, లైట్లన్నీ వెలిగి, మళ్ల వాటంతటవే సర్దుకున్నయి. వానకు ఒక తీరు, గుంతల పడితే ఇంకో తీరు. మెకానిక్ కాడికి తీస్కపోతే మంచిగనే ఉంటది, దవాఖాన గుమ్మం ఎక్కంగనే తగ్గే పంటినొప్పి లెక్క. ఒకాయన బ్యాటరీ అన్నడు, 5,200. ఇంకొకాయన బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ అన్నడు, 11,500. నార్కట్‌పల్లి కాడ ఆగిపోతే ఇంటిదాక గుంజుకొచ్చుడుకు 3,300.

ఆఖరికి మిర్యాలగూడల ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దొరికిండు. ఏ సామాను మార్చలే. వోల్టులు కొలిచే మీటర్ వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్‌కు ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టుమన్నడు. 0.2 వోల్టులు దాటొద్దట, 1.8 చూపెట్టింది. "బ్యాటరీకి ఏం కాలే బిడ్డా, కరెంటు వాపస్ వచ్చే తొవ్వ ఖరాబైంది" అన్నడు. ఆ తొవ్వనే ఎర్త్ వైరు, దాని బోల్టు విప్పితే అంతా తుప్పు.

ఇంత కొత్త బండికి గింత తుప్పేందని డ్రైవర్ సీటు కింద కార్పెట్ లేపిండు. స్పంజి నుంచి చెరువు వాసన. కనెక్టర్ ఊడదీస్తే పిన్నులకు ఆకుపచ్చ చిలుము, తోమని ఇత్తడి చెంబు లెక్క. ఎండకు, కుదుపులకు ఆ పిన్నులు ఒకసారి ఆనుతయి, ఒకసారి ఆనవు. ఉండుండి వచ్చే రోగానికి అదే కారణం. సీటు బెల్టు చివరిదాక గుంజితే అడుగున బురద గీత. నీళ్లల్ల మునిగిన బండి! ఆయన 6 వేలు తీస్కొని చిలుమంతా కడిగి, ఎర్త్ వైరు కొత్తది ఏసిండు. ఆ పైసలు ఇచ్చినందుకు నాకేం బాధ లేదు.

గడియారం ముచ్చట గూడ ఆయనే చెప్పిండు. బ్యాటరీ వైరు పీకి పెడితే చాలా కార్లల్ల టైమ్ మొదటికొస్తది, కంప్యూటర్‌ల దాచుకున్న ఫాల్ట్ కోడ్‌లు గూడ తుడుచుకపోవచ్చు. అప్పుడు స్కానర్ పెట్టినా "ఫాల్ట్ లేదు" అనే వస్తది. అదే స్కానర్‌ల రెడీనెస్ పేజీ తెరుండ్రి, బండి తనను తాను చేసుకునే పరీక్షలు అయినయా లేదా అని అది చూపెడుతది; వరుసగ "నాట్ కంప్లీట్" అని ఉంటే ఈమధ్యనే తుడిచినట్టు. కొత్త బ్యాటరీ ఏసినా ఇట్లనే అయితది, గని అప్పుడు బిల్లు చూపెట్టుమనుండ్రి.

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "చూసుకునే తీసుకున్నరు గద సార్" అన్నడు. డెలివరీ కాగితం తీస్తే కింద సన్న అక్షరాలల్ల "ఉన్నది ఉన్నట్టుగా" అని ఉంది, పక్కకే నా సంతకం. మీరు మాత్రం అదే కాగితం మీద "నీళ్లల్ల మునగలేదు" అని వాళ్ల చేత్తోనే రాయించుకోండ్రి.