అరగొనైట్ ఇసుక: ఏళ్ల తరబడి వాడాక నా మాట

విజయవాడలో రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టాలనుకునే వాళ్లు ముందు అడిగేది ఒకటే: సూర్యలంక నుంచి నాలుగు సంచుల ఇసుక తెచ్చుకుంటే సరిపోదా అండీ? సరిపోదు. మన తీరపు ఇసుకలో ఎక్కువ భాగం సిలికా, పైగా ఒడ్డుకు చేరే మురికి. కృష్ణ ఇసుక కూడా సిలికాయే. అరగొనైట్ అంటే పగడాలు, గవ్వల్లో ఉండే కాల్షియం కార్బొనేట్. చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా నురగ రావాలి. ప్యాకెట్ మీద ఏం రాసున్నా, ఈ పరీక్ష చేశాకే ట్యాంకులో పోయండి.

నేను వాడేది 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ. అంతకంటే సన్నటిదైతే చూడ్డానికి బాగుంటుంది కానీ, అలలు పుట్టించే వేవ్‌మేకర్ పంపు జోరుకు ఎగిరి పగడాల మీద పడుతుంది. మందం అంగుళంన్నర దాటనివ్వను. నాలుగైదు అంగుళాలు పోస్తే అడుగున ఆక్సిజన్ అందని చోట నైట్రేట్‌ను తినే బ్యాక్టీరియా పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పొరను కదిపితే కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ బయటపడే ప్రమాదం ఉంది. ఇళ్లలో పెట్టుకునే ట్యాంకుకు ఆ టెన్షన్ అనవసరం.

ఇసుకను బతికించేది నస్సారియస్ నత్తలే. పగలంతా ఉన్నాయో లేవో తెలియదు. రొయ్య ముక్క నీళ్లలో పడగానే ముందు తొండంలాంటి సన్నటి గొట్టం ఇసుకలోంచి లేస్తుంది, ఆ వెనకే నత్త పైకొస్తుంది. ఆ కదలికతోనే పై పొర గట్టిపడకుండా ఉంటుంది. ఇసుక జల్లించే నక్షత్ర చేపను మాత్రం కొనకండి. చిన్న ట్యాంకులో దానికి చాలినంత తిండి దొరకదు, మెల్లగా ఆకలితో చచ్చిపోతుంది. చూడలేం.

నీళ్లు మార్చిన ప్రతిసారీ ఇసుకలో మూడో వంతు మాత్రమే సైఫన్ చేస్తాను (గొట్టంతో మురికి లాగేస్తాను), మిగతా భాగాన్ని తర్వాతి వారాలకు వదిలేస్తాను. కొత్తలో పైన పేరుకునే గోధుమరంగు పొర డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు, దానంతటదే తగ్గుతుంది. ఎర్రగా, జిగురుగా చాపలా లేస్తే అది సయానోబ్యాక్టీరియా. అక్కడ నీటి ప్రవాహం చాలడం లేదనో, మేత ఎక్కువవుతోందనో అర్థం.

మే నెలలో కరెంటు పోతే ఇసుకలోని బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ లాగేస్తూనే ఉంటుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

ఇసుకే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల మోతాదు) నిలబెడుతుందన్న మాట నమ్మకండి. పీహెచ్ 8 పైన ఉన్న ట్యాంకులో అది దాదాపు కరగదు, డోసింగ్ (తగ్గినవాటిని కొలిచి నీళ్లలో కలపడం) వేరే చూసుకోవాల్సిందే. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకుకు అంగుళంన్నర మందం పరచాలంటే సుమారు 24 కిలోలు పడుతుంది.