వంద ముక్కల బొంత కిట్: రంగులు బాగున్నాయి, టేపు మాత్రం పక్కనే పెట్టుకోండి

ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ప్యాచ్‌వర్క్ కిట్ ఇది. పెట్టెలో 5 అంగుళాల చదరపు కాటన్ ముక్కలు వంద, మధ్యలో పరిచే పాలిస్టర్ వాడింగ్ షీటు, దారం, సూదులు, ఎలా కుట్టాలో చెప్పే కాగితం ఉంటాయి. పెట్టె మీద మంచం నిండా పరిచిన బొంత బొమ్మ వేశారు. ఈ ముక్కలతో అంత బొంత రాదు. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలే కనిపిస్తుంది. అడ్డంగా 9, నిలువుగా 11 చొప్పున 99 ముక్కలు కలిపితే పై పొర 41 బై 50 అంగుళాలు వస్తుంది. చంటిపిల్లలకు చక్కగా సరిపోతుంది. 60 బై 90 మంచానికైతే 14 బై 20, అంటే 280 ముక్కలు కావాలి.

రంగుల ఎంపికకు మాత్రం నిండు మార్కులు వేయాలి. పసుపు, ముదురు ఎరుపు, నెమలి కంఠం, ఆకుపచ్చ, మధ్యలో కళ్లకు తెరిపినిచ్చే లేత గోధుమ రంగు. ముదురువన్నీ ఒకేచోట గుమిగూడకుండా ముందు నేల మీద పరిచి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. ఎక్కడ బరువెక్కిందో ఇట్టే తెలిసిపోతుంది.

గుడ్డ నిజంగా కాటనే. అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే కాగితం వాసనతో బూడిదైంది, గట్టి పూసలా ముడుచుకోలేదు. కత్తిరింపులోనే లోపం ఉంది. కొన్ని ముక్కలు పడుగు పేకల వెంట కాకుండా కాస్త ఐమూలగా తెగాయి. అలాంటి ముక్కను రెండు చేతులతో పట్టి లాగితే రబ్బరులా సాగుతుంది, కుట్టాక వరస వంకర పోతుంది. వాటిని ఏరి, చుట్టూ నాలుగు వైపులా నిటారు ముక్కలు వచ్చేలా మధ్యలో వేయండి. అంచులు రంపపు పళ్లలా కోసి ఉన్నాయి కాబట్టి కొలత పళ్ల మొన నుంచి తీసుకోవాలి, లోయ నుంచి కాదు.

పావు అంగుళం దగ్గర చాలామంది దెబ్బతింటారు. మామూలు ఇంటి మెషీన్‌లో సూదికీ, గుడ్డను నొక్కిపట్టే ప్రెసర్ ఫుట్ అంచుకీ మధ్య దూరం సరిగ్గా పావు అంగుళం ఉండాలనేం లేదు. సూది నుంచి కొలిచి కింది ప్లేటు మీద టేపు ముక్క అంటించి, దాని వెంట గుడ్డ నడపాలి. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే రెండు ముక్కల నుంచీ పోతుంది. 11 ముక్కల వరసలో పది కుట్లకు అంగుళంపావు తగ్గిపోతుంది. తర్వాత వరసలు ఒకదానితో ఒకటి కలవవు. ముక్కలు కలపడానికి 14 నంబరు సూది చాలు, పొరలన్నీ కలిపి మెషీన్ మీద కుట్టాల్సి వస్తే 16 వేయండి.

కుట్టు మడతలను విప్పి రెండు పక్కలకూ ఇస్త్రీ చేయమని కాగితంలో రాశారు. అంతకంటే ఒక వరసలో అన్నీ కుడికి, తర్వాతి వరసలో ఎడమకు మళ్లించడం మేలు. జోడించేటప్పుడు మడతలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, మూలలు సూదిమొనంత తేడా లేకుండా కలుస్తాయి. ఇస్త్రీపెట్టెను నొక్కి ఎత్తాలే తప్ప ఈడ్చకూడదు.

ఎరుపు ముక్కలను కుట్టకముందే పరీక్షించాలి. తడిపిన తెల్ల గుడ్డ మీద పెట్టి వేడిగా ఇస్త్రీ చేస్తే మరక అంటుతోందో లేదో తెలుస్తుంది. ఈ కిట్‌లో ముదురు ఎరుపు అంటింది. ఉప్పు నీళ్లలో నానబెడితే ఆగుతుందంటారు గానీ, అద్దేసిన గుడ్డకు అది నమ్మదగ్గ ఉపాయం కాదు. ఆ ముక్కలు మార్చేయడమే మంచిది.

వాడింగ్ షీటు 40 బై 50 అంగుళాలే. పై పొరకే చాలదు, చుట్టూ రెండంగుళాలు మిగలాల్సింది పోయి. పైగా మన ఎండలకు పాలిస్టర్ ఉక్క. దాని బదులు మెత్తబడ్డ కాటన్ చీర వాడండి: ఐదున్నర మీటర్ల చీరలో 54 అంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి. రెండు మధ్యలోకి, ఒకటి అడుగుకు. పొరలను పిన్నులతో బెత్తెడు దూరంలో పట్టించి, నడిమి నుంచి అంచులకు చేతి కుట్టు వేస్తూ రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే మిగిలిన గుడ్డంతా మధ్యలోకి చేరి ముడతలు పడుతుంది.

అంచు పట్టీ కిట్‌లో లేనే లేదు. రెండున్నర అంగుళాల వెడల్పున ఐదు పట్టీలు కావాలి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న పాప్లిన్, అంటే ఒత్తుగా నేసిన కాటన్, 35 సెంటీమీటర్లు కొంటే సరి.

ధర విషయానికొస్తే, అదే పన్నా గుడ్డలో 30 సెంటీమీటర్లకు 16 ముక్కలు వస్తాయి. మ్యాచింగ్ సెంటర్‌లో ఏడు రంగులు 30 సెంటీమీటర్ల చొప్పున తీసుకుంటే 112 ముక్కలు. జాకెట్లకు వాడే రూబియా గుడ్డ పలచన, పాప్లిన్ అడగండి. కత్తెర పట్టే ఓపిక ఉంటే ఆ 2.1 మీటర్ల గుడ్డ ధర లెక్కేసుకుని, తర్వాతే ఈ కిట్ ఆర్డర్ పెట్టండి.